కరెంటు పోయిన రాత్రి చేపల తొట్టిని కాపాడుకొనుట

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ ఆదివారమునాడు హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినది. గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచెను. అరకు, అనంతగిరి, పాడేరు ప్రాంతములలో కాఫీకి నీడనిచ్చు సిల్వర్ ఓకు చెట్లు విరివిగా కూలినవి. కొండ దారులు మూసుకొనిపోయినవి. స్తంభములు ఒరిగి, తీగలు తెగి, ఎన్నో పల్లెలు అనేక దినములు చీకటిలో గడిపినవి. 2018 అక్టోబరు 11వ తేదీన వచ్చిన తిత్లీ తుఫాను శ్రీకాకుళము జిల్లాకు ఇదే పాఠము నేర్పినది.

తుఫాను ఏటేటా రాకపోవచ్చును. కాని మన్యములో కరెంటు పోవుటకు తుఫానే రానక్కరలేదు. చింతకొమ్మ ఒకటి తీగపై విరిగిపడిన చాలును. లోయలలో దిగి, గట్లు ఎక్కి వచ్చు తీగ ఎక్కడ తెగినదో వెదకుటకే ఒక పూట పట్టును. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రము 1955 నుండి ఈ కొండల నీటితోనే కరెంటు పుట్టించుచున్నది. అయినను ఆ కొండలలోని పల్లెకే దీపము ముందుగా ఆరిపోవుట మనము తరచు చూచుచున్న విషయము.

దీపము ఆరినచో మనిషి కిరసనాయిలు బుడ్డియో, టార్చిలైటో వెదకుకొనును. కాని పెరటి తొట్టిలోని చేప ఏమి చేయగలదు? ఇండ్ల వద్ద సిమెంటు తొట్లలోను, టార్పాలిన్ తొట్లలోను చేపలను ఒత్తుగా పెంచు పద్ధతి ఇటీవల వ్యాపించుచున్నది. ఈ పద్ధతికి ప్రాణము గాలి పంపు. గాలి పంపునకు ప్రాణము కరెంటు. ఆ కరెంటు లేని గంటలలో ఏమి చేయవలెనో చెప్పుటకే ఈ వ్యాసము.

నేను చేసిన పొరపాటు

రెండేండ్ల క్రిందట జూలై మాసములో, అరకునుండి డుంబ్రిగుడ పోవు దారిలోని ఒక పల్లెకు నన్ను ఉదయమే పిలిపించిరి. ఒక గృహిణి సంఘపు అప్పుతో పెరటిలో తొట్టి కట్టించుకొని చేపలు పెంచుచున్నది. నేను పోవునప్పటికి తొట్టిలోని చేపలన్నియు వెల్లకిల పడి తేలుచున్నవి. మరి మూడు వారములలో పట్టి సంతకు పంపవలసిన సరుకు అది. రాత్రి రెండు గంటలకు కరెంటు పోయినదట. ఆమె నిద్ర లేచి చూచునప్పటికి నాలుగు దాటినది.

ఆమె నన్ను తిట్టలేదు. "బాబూ, చేపలెన్ని వెయ్యాలో సెప్పినారు. కరెంటు పోతే ఏటి సెయ్యాలో మాత్రం సెప్పనేదు" అనినది.

ఆ మాట నిజము. పిల్లలెన్ని వేయవలెను, మేత ఎంత పెట్టవలెను, ఎన్ని నెలలకు ఎంత తూకము వచ్చును అని కాగితముమీద లెక్క వేసి యిచ్చినవాడను నేనే. ఆ పల్లెలో వానకాలమున కరెంటు ఎన్ని గంటలు పోవునని అడుగవలెనన్న ఆలోచనయే నాకు రాలేదు.

అదే పల్లెలో గెడ్డ ప్రక్కన ఒక ముసలాయనకు అంతే తొట్టి కలదు. అదే రాత్రి అచ్చటను కరెంటు పోయినది. ఆయన చేపలలో ఒక్కటియు చావలేదు. ఆయన చేసినదెల్ల, కూరమడికి పెట్టుకొన్న గెడ్డనీటి గొట్టమును త్రిప్పి తొట్టిలోనికి పైనుండి పడునట్లు కట్టుటయే. ఈ రెండు తొట్లకును గల భేదమును అర్థము చేసికొన్న రైతు సగము విద్య నేర్చినట్లే.

చేప ఎందుచేత చచ్చును?

చేపను చంపునది చీకటి కాదు, ప్రాణవాయువు కొరత. ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కలదు. సముద్రమట్టము వద్ద, 25 డిగ్రీల వేడిమిలో, ఒక లీటరు మంచినీరు ఎంత గాలి తగిలినను పట్టి ఉంచుకొనగలది 8 మిల్లీగ్రాములకు కొంచెము పైన మాత్రమే. సుమారు 900 మీటర్ల ఎత్తున నున్న అరకులో గాలి పలుచన గనుక, అదే వేడిమిగల నీరు ఏడున్నర మిల్లీగ్రాములు కూడ పట్టదు. నీరు వేడెక్కిన కొలదిని ఇది ఇంకను తగ్గును. చల్లబడిన కొలదిని పెరుగును.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వంటి చేపలకు లీటరు నీటికి 5 మిల్లీగ్రాములున్నచో సుఖము. 3కు దిగినచో అవి మేత మాని బాధపడును. 1కి దిగినచో బ్రతుకుట కష్టము.

ఇప్పుడు లెక్క చూడుడు. నాలుగు మీటర్ల వ్యాసముగల గుండ్రని తొట్టిలో ఒక మీటరు లోతు నీరున్నచో అది సుమారు 12,500 లీటర్లగును. లీటరుకు 6 మిల్లీగ్రాముల చొప్పున తొట్టి మొత్తములో 75 గ్రాముల ప్రాణవాయువు కలదు. 3 మిల్లీగ్రాములకు దిగకుండ వాడుకొనదగినది అందులో సగము, అనగా 37 గ్రాములు. కిలో చేప గంటకు సుమారు 300 మిల్లీగ్రాములు పీల్చుననుకొన్నచో, 100 కిలోల చేపలకు గంటకు 30 గ్రాములు కావలెను. అనగా గంటంబావు కాలమునకే నిల్వ సరి.

బయోఫ్లాకు తొట్టిలో ఇంతకంటె తొందర. ఆ పద్ధతిలో నీటిలోని సూక్ష్మజీవులు చేపల మలినమును తిని పెరుగును. అవియు ప్రాణవాయువును పీల్చును. అవి చేపలంత పీల్చినచో గడువు నలుబది నిముషములకంటె తక్కువ. చేపలు 200 కిలోలున్నచో అరగంట కూడ లేదు. నీటి పైభాగమునుండి తనంతట తాను దిగు గాలి కొంత తోడగును గాని, కదలని నీటిలో అది బహు స్వల్పము.

మన పాత చెరువులకు ఈ భయము లేకపోవుటకు కారణము తెలిసికొనవలెను. ఎకరము చెరువులో ఒకటిన్నర మీటరు లోతున సుమారు 60 లక్షల లీటర్ల నీరుండును. అందులో వేయి కిలోల చేపలున్నను కిలోకు 6,000 లీటర్ల నీరు వచ్చును. పై తొట్టిలో కిలోకు వచ్చునది 125 లీటర్లే. తొట్టి పెంపకములో లాభమెంత ఒత్తుగా నుండునో, అపాయమును అంత ఒత్తుగా నుండును.

కొండ నీరే కరెంటు

పల్లపు రైతునకు లేని భాగ్యము కొండ రైతునకు కలదు. అది ఎత్తునుండి దిగు నీరు. గెడ్డలోని నీటిని గొట్టము ద్వారా దించి, తొట్టి నీటికి ఒక మీటరు ఎత్తునుండి చిల్లుల రేకుపై పడనిచ్చినచో, నీరు చినుకులై గాలిని కలుపుకొని దిగును. దీనికి మోటారు అక్కరలేదు, బిల్లు లేదు, అర్ధరాత్రి ఆగిపోదు.

అయితే ఈ గొట్టము ఎంత భారము మోయగలదో ముందే కొలిచి చూడవలెను. 20 లీటర్ల బకెట్టును గొట్టము క్రింద ఉంచి ఎన్ని సెకండ్లకు నిండునో లెక్కించుడు. 40 సెకండ్లకు నిండినచో గంటకు 1,800 లీటర్ల నీరు వచ్చుచున్నదన్నమాట. వచ్చు నీటిలో 7 మిల్లీగ్రాములు, తొట్టి నీటిలో 3 మిల్లీగ్రాములు ఉన్నచో, ప్రతి లీటరు 4 మిల్లీగ్రాములను తెచ్చును. గంటకు 7 గ్రాములు. ఇది సుమారు 24 కిలోల చేపలకు సరిపోవును. మేత ఆపిన చేపలు తక్కువ పీల్చును గనుక ఇంకను కొన్ని బ్రతుకును. నీరు పడునప్పుడు లేచు అలజడివలన మరికొంత గాలి కలియును.

ముసలాయన తొట్టిలో చేపలు 30 కిలోలకు మించి లేవు. ఆయన గొట్టము వాటిని మోయగలిగినది. ఆ గృహిణి తొట్టిలో నేను వేయించినవి దానికి నాలుగింతలు. అంతటి గొట్టము ఆమెకున్నను చాలి యుండెడిది కాదు. కావున నేనిప్పుడు చెప్పు మాట ఇది: కరెంటు ఉన్నప్పుడు ఎన్ని చేపలు బ్రతుకునో చూచి కాదు, కరెంటు లేనప్పుడు మీ గెడ్డగొట్టము, మీ బ్యాటరీ, మీ ఇంటి చేతులు ఎన్నింటిని మోయగలవో చూచి పిల్లలను వేయుడు.

ఊటనీటి విషయములో ఒక జాగ్రత్త. భూమిలోనుండి అప్పుడే పైకి వచ్చిన ఊటనీటిలో ప్రాణవాయువు తక్కువగా నుండవచ్చును. దానిని నేరుగా గొట్టములో పట్టి తొట్టి అడుగునకు వదలరాదు. రాళ్లమీదుగా పారించియో, పైనుండి చినుకులుగా పడవేసియో పంపవలెను. పైగా పుష్య, మాఘ మాసములలో గెడ్డనీరు చాల చల్లగా నుండును. ఒక్కమారు కుమ్మరించినచో చేపలకు దెబ్బ. సన్నని ధారగా వదలవలెను. ఎగువన పొలములకు పురుగుమందు చల్లిన దినములలో ఆ నీరు తొట్టికి పనికిరాదు.

బ్యాటరీ లెక్క

గెడ్డకు దూరముగా నున్నవారు బ్యాటరీని నమ్ముకొనవలెను. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవరు బ్యాటరీలో 1,200 వాట్-అవరుల శక్తి కలదు. బ్యాటరీ చెడకుండ వాడుకొనదగినది అందులో సగమే. ఒక అశ్వశక్తి బ్లోయరు సుమారు 750 వాట్లు లాగును. దానిని ఇన్వర్టరుతో నడిపినచో ముప్పాతిక గంటకే బ్యాటరీ చేతులెత్తును. అదే బ్యాటరీతో 12 వోల్టులపై నేరుగా నడుచు 30 వాట్ల చిన్న గాలి పంపును సుమారు 20 గంటలు నడుపవచ్చును. కావున పెద్ద బ్లోయరును బ్యాటరీతో నడుపవలెనని ఆశపడక, తొట్టికొక చిన్న పంపును ప్రత్యేకముగా పెట్టుకొనుట మేలు. అంత చిన్న పంపు తొట్టినిండ చేపలను మోయలేదు. బయటినుండి సాయము అందువరకు గడువు పెంచును. నెలకొకమారు పగటివేళ మెయిన్ స్విచ్చి ఆపి, అన్నియు సరిగా నడుచుచున్నవో లేదో పరీక్షించుకొనవలెను.

గాలి పంపును నీటిమట్టముకంటె ఎత్తున ఉంచుడు. క్రింద నున్నచో, కరెంటు పోయినవెంటనే తొట్టి నీరు గొట్టముద్వారా వెనుకకు పారి పంపులో చేరును. కరెంటు వచ్చునప్పటికి పంపు పాడైయుండును. ఎత్తున పెట్టుటకు వీలులేనిచో వెనుకకు నీరు పోనీయని వాల్వు నొకదానిని గొట్టమునకు అమర్చవలెను.

రాత్రి కరెంటు పోయినచో ఇంటివారిని మేల్కొల్పు గంట ఉండుట అన్నిటికంటె ముఖ్యము. బ్యాటరీతో మ్రోగు ఇట్టి గంటను ఏ ఎలక్ట్రీషియనైనను అమర్చగలడు. ఆ గృహిణి రెండు గంటలకే లేచియున్నచో కొన్ని చేపలైనను దక్కెడివి.

కరెంటు పోయిన వెంటనే

మొదటి పని, మేత ఆపుట. మేత తిన్న చేప ఎక్కువ ప్రాణవాయువును పీల్చును. మిగిలిన మేత కుళ్లి, మరికొంత హరించును. వాన ముసురు పట్టిన దినమున సాయంత్రపు మేతను సగమునకు తగ్గించుట మంచి అలవాటు.

రెండవ పని, నీటిని ఎత్తి పోయుట. ఇద్దరు మనుషులు బకెట్లతో తొట్టి నీటినే ముంచి, మూడడుగుల ఎత్తునుండి చిల్లుల తట్టమీదుగా మరల తొట్టిలో పోయవలెను. పావుగంటకొకమారు మనుషులు మారవలెను. అడుగునున్న బురదను మాత్రము కలపరాదు. అందులోనుండి వెలువడు చెడు వాయువులు చేపలకు విషము.

మూడవ పని, బయోఫ్లాకు తొట్టియైనచో మూడవ వంతు నీటిని అడుగునుండి తీసివేసి, మంచినీరు చేర్చుట. దీనితో సూక్ష్మజీవుల భారము తగ్గును.

నాలుగవ పని, గడువు మించునట్లు తోచినచో పెద్ద చేపలను ముందుగా పట్టివేయుట. బ్రతికి యున్న చేపకు సంతలో ధర కలదు. తేలిన చేపకు లేదు.

చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచున్నవన్నచో గడువు తీరినదని అర్థము. ఆ గుర్తు కొరకు వేచియుండరాదు. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వబోవుట వంటిది అది. పచ్చగా నాచుపట్టిన నీటిలో తెల్లవారుజాము మిక్కిలి అపాయకరమైన వేళ. నాచు పగలు ప్రాణవాయువు నిచ్చినను, రాత్రి తానును పీల్చును. కోడి కూయువేళ తప్పక తొట్టిని చూడవలెను.

కరెంటు వచ్చిన పిమ్మట చచ్చినవానిని ఏరివేసి, కొంత నీరు మార్చి, ఒక దినమైనను మేత పెట్టక, తరువాత కొద్దికొద్దిగా మొదలుపెట్టవలెను.

కొర్రమీను సంగతి

కరెంటు నమ్మకము బొత్తిగా లేని పల్లెలలో చేప జాతిని మార్చుట మరియొక ఉపాయము. కొర్రమీను నీటిపైకి వచ్చి నేరుగా గాలిని పీల్చగలదు. ప్రాణవాయువు తక్కువైన నీటిలో బొచ్చె చచ్చినను అది బ్రతుకును. అయితే దానికి పైకి వచ్చుటకు వీలుండవలెను. తొట్టిని పూర్తిగా మూసివేయరాదు. అది ఎగిరి బయటపడకుండ వల కప్పవలెను. ఆఫ్రికా క్లేరియసును మాత్రము ఎవరు చెప్పినను పెంచవద్దు. అది నిషిద్ధమైన జాతి; వానకు తొట్టి పొంగి గెడ్డలో పడినచో మన దేశవాళీ చేపలను తినివేయును.

అద్దాల తొట్లు, పగడాల తొట్లు

బడులలోను, బస గృహములలోను రంగుచేపల అద్దాల తొట్లను ఉంచుచున్నారు. విశాఖలో కొందరు ఉప్పునీటి తొట్లలో సముద్రపు చేపలను, పగడపు జీవులను కూడ పెంచుదురు. పైన చెప్పిన సూత్రమే వీటికిని వర్తించును, అయితే ఇంకను కఠినముగా. 25 డిగ్రీల వేడిమిలో లీటరు సముద్రపు నీరు సుమారు 6.8 మిల్లీగ్రాముల ప్రాణవాయువునే పట్టును. పగడములు, రాళ్లనంటిన సూక్ష్మజీవులు, చేపలు, అన్నియు రాత్రి దానినే పంచుకొనును. కావున కరెంటు పోయినచో దీపమునకు కాదు, నీటిని కదలించు పంపునకే బ్యాటరీ ఇవ్వవలెను. పగడము వెలుతురు లేక ఒకటి రెండు దినములు ఓర్చుకొనును. కదలిక లేని నీటిలో కొన్ని గంటలు కూడ ఓర్వలేదు. 12 వోల్టుల, 7 ఆంపియర్-అవరు చిన్న బ్యాటరీతో 3 వాట్ల గాలి పంపును సుమారు 14 గంటలు నడుపవచ్చును.

తరువాతి చింత వేడిమి. విశాఖలో ఎండాకాలమున తొట్టి వేడెక్కును. మూత తీసి విసరవలెను. అరకు చలిలో తొట్టి చల్లబడును. చుట్టును కంబళి చుట్టి, పైన గాలికి సందు వదలవలెను. ఒక మాట జ్ఞాపకముంచుకొనవలెను. రాతి పగడములు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణలో నున్నవి. సముద్రమునుండి వాటిని తీయుట, అమ్ముట, కొనుట నేరము.

మనుషుల ప్రాణము ముందు

చేపలను కాపాడు తొందరలో మనుషులు ప్రాణము మీదికి తెచ్చుకొనరాదు. డీజిలు జనరేటరును ఇంటిలోపలగాని, మూసిన పాకలోగాని నడుపరాదు. దాని పొగలోని విషవాయువునకు వాసన లేదు, నిద్రలోనే చంపును. తెగిపడిన తీగను కర్రతోనైనను కదపక, 1912 నంబరునకు ఫోను చేసి తెలుపవలెను. తడిచేతులతో స్విచ్చిని ముట్టరాదు.

గ్రామాధికారులకు ఒక విజ్ఞప్తి. తొట్ల పెంపకమునకు అప్పు సిఫారసు చేయునప్పుడు, ఆ ఇంటికి కరెంటు ఎంత నిలుకడగా వచ్చును, గెడ్డనీరు అందునా, బ్యాటరీ ఖర్చు అంచనాలో చేరినదా అను మూడు ప్రశ్నలు అడుగుడు. తుఫానులు ఎక్కువగా వచ్చు అక్టోబరు, నవంబరు మాసములకు ముందే ఎదిగిన చేపలను పట్టి అమ్ముకొనుమని చెప్పుడు.

ఆ గృహిణి మరల తొట్టి నింపినది. ఈమారు చేపలు మునుపటికంటె తక్కువ. గెడ్డనుండి ఆమె పెరటివరకు గొట్టము వేసికొనిరి. తొట్టిపై చిల్లుల రేకొకటి వ్రేలాడుచున్నది. మొన్న వానలో ఒక రాత్రియంతయు కరెంటు లేదు. ఉదయమున నేను పోయి చూచినప్పుడు రేకుమీద నీరు చినుకులుగా పడుచుండెను. దాని క్రింద చేపలు గుంపుగూడి తిరుగుచుండెను.